గెడ కింద నేల

మా అమ్మ ముసలమ్మ దేవుడితో మాట్లాడని గడియ నేను చూడలేదు. పొయ్యి రాజుకోకపోతే దేవుడికి చెప్పేది. కోడి పొదగనంటే చెప్పేది. ఒకసారి కాలువలో నీళ్ళు ముంచుతుంటే చెంబు చేజారింది. "చూస్తా కూర్చున్నావా అయ్యా, పట్టుకోవద్దా?" అని పైకి చూసి కోప్పడింది. ఆ చెంబు పది బారలు కొట్టుకుపోయినదల్లా ఆగి, వెనక్కి తిరిగి, ఎదురీదుకుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నిలబడింది. నా కళ్ళతో చూశాను. నమ్మనివాళ్ళు మా ఉప్పుపాళెం వచ్చి చెంబునే అడగవచ్చు.

ఉప్పుపాళెం కోట అనే ఊరికి తూర్పున, సముద్రానికీ బకింగ్‌హాం కాలువకూ మధ్య ఇసుకలో ఉంటుంది. ముప్పై గుడిసెలు, ఒక తాటాకుల ప్రార్థన పాక. మగవాళ్ళందరం ఉప్పు పడవల మీదే బతికేవాళ్ళం. నేనూ, నా బావమరిది హెబ్రోనూ చోటే సాహెబ్ పడవ మీద గెడ వేసేవాళ్ళం. గెడ అంటే మూడు నిలువుల వెదురు. పడవ ముక్కు దగ్గర దాన్ని నీళ్ళ అడుగున నేలకు గుచ్చి, పై కొస భుజానికి ఆనించి, పడవ అంచు మీద వెనక దాకా నెట్టుకుంటూ నడవాలి. మనిషి వెనక్కి నడిస్తే పడవ ముందుకు నడుస్తుంది. సాహెబ్ వెనక చుక్కాని పట్టుకొని కూర్చునేవాడు.

మిగతా పడవలవాళ్ళు గెడ వేస్తూ పాటలు పాడుకునేవాళ్ళు. మాది ప్రార్థన. మా నాయన కట్టిన ప్రార్థన అది.

"తండ్రీ, గెడ నీది. గెడ కింద నేల నీది. నేల మీద నీళ్ళు నీవి. నీళ్ళ మీద మేము నీవాళ్ళం. ఒడ్డు చేర్చు, ఆమేన్."

ఒక్కో మాటకు ఒక్కో నడక. అయిదు నడకలకు ఒక ప్రార్థన. ఏళ్ళ తరబడి అలా అని అని, మాకు దూరం కొలిచే బద్ద కూడా అదే అయిపోయింది. ఉప్పు కొఠారు నుంచి వంతెన దాకా ఎంత దూరమంటే తొంభై ప్రార్థనలు అనేవాళ్ళం. చోటే సాహెబ్‌ది వేరే మతమైనా చుక్కాని మాత్రం మా ఆమేన్లను బట్టే తిప్పేవాడు.

"మీ దేవుడికి వినపడితే వినపడనీ, లేకపోతే లేదు. నాకు మాత్రం గట్టిగా వినపడాలబ్బా" అని ఎగతాళి చేసేవాడు.

ఆ లెక్క బాగా అక్కరకొచ్చేది నక్కల మొగ దగ్గర. మొగ అంటే వాగు సముద్రంలో కలిసే నోరు. మా కాలువ తిన్నగా పోతూ పోతూ ఆ వాగులో పడుతుంది. అవతలి గట్టున మళ్ళీ కాలువ మొదలవుతుంది. మధ్యలో రెండు ఫర్లాంగుల నీళ్ళు. సముద్రం వెనక్కి తీసే పాటు వేళ ఆ నీళ్ళన్నీ తూర్పుకు లాగుతాయి. అందుకని తిన్నగా దాటకూడదు. ముందు ఎనిమిది ప్రార్థనల దూరం ఎగువకు, అంటే పడమటికి, ఎక్కాలి. అప్పుడు అడ్డం తిరిగితే నీళ్ళు మనల్ని కిందికి తోసుకుంటూ తోసుకుంటూ సరిగ్గా అవతలి కాలువ నోట్లో దించుతాయి. ఎనిమిదికి తక్కువైతే కాలువ నోరు దాటిపోతాం. ఆ తర్వాత ఉండేది సముద్రమే.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. అన్నేళ్ళలో ఆ ప్రార్థన మా నోటికి ఎంత అలవాటయిందంటే, నోటి పని నోరు చేసుకుపోయేది, నేను మధ్యాహ్నం పులుసులో చేప ఉంటుందా ఉండదా అని ఆలోచించుకునేవాణ్ణి.

అరవై రెండో సంవత్సరం నవంబరు ముసురులో మా పాళేనికి కంఠసర్పి వచ్చింది. పిల్లల గొంతులో తెల్లటి పొర కట్టి ఊపిరిని మూసేసే జబ్బు. ఎనిమిది రోజుల్లో ప్రార్థన పాక వెనక రెండు చిన్న గుంటలు తవ్వాం. రెండోది తవ్విన రోజు సముద్రం చప్పుడు లేకుండా ఉంది. అల విరుగుతున్నది కనిపిస్తుంది, చప్పుడు రాదు. ఎండ్రకాయలు ఇసుక వదిలేసి గుడిసెల్లోకి వచ్చి పొయ్యి గట్ల మీద ఎక్కి కూర్చున్నాయి. మా ఇంట్లో కూర్చున్నదైతే బండి చక్రమంత ఉంది. దాన్ని లేపి కూడు వండుకోవడానికి సమాధానం అనే నా భార్య గంటసేపు బతిమాలాల్సి వచ్చింది.

ఆ రాత్రే నా కూతురు కరుణాకుమారికి జ్వరం తగిలింది. దానికి ఆరేళ్ళు. మాటల పుట్ట. అది నోరు తెరిస్తే కాలువ మీద పోయే పడవలు ఆగి విని పోయేవి. అలాంటి పిల్ల రెండు రోజులకు మాట మానేసింది. మూడో రోజు తెల్లవారేసరికి ఊపిరి తీస్తుంటే తాటాకు సందులో గాలి దూరినట్టు ఈల వస్తోంది. అంతకుముందు ఆ ఇద్దరు పిల్లలకూ ఈల మొదలైన సాయంత్రానికే గుంట తవ్వాం.

కోట నుంచి వచ్చి చూసిపోయిన కాంపౌండరు చెప్పి ఉన్నాడు. ఈల వినపడితే ఇక ఇంట్లో ఉంచవద్దు, గొంతు మూసుకోకముందే నెల్లూరు చేర్చండి అని. మా పాళెం బాటలన్నీ నీళ్ళ కిందున్నాయి. ఉన్న దారి కాలువ ఒక్కటే. మొగ దాటి నెల్లూరు రోడ్డు మీది వంతెన చేరితే అక్కడ కట్టెల లారీలు ఆగుతాయి.

నేను పోయి చోటే సాహెబ్ తలుపు కొట్టాను. ఆయన వాన వంక, నా మొహం వంక చూశాడు.

"పాటు సగం అయిందిరా జీవానందం. మొగ దగ్గర నీళ్ళు సముద్రానికి లాగతా ఉంటాయి. మళ్ళీ పోటు తిరిగేదాకా ఆగుదామా?"

"ఎంతసేపన్నా?"

"మూడు గంటలు."

"బిడ్డకు ఈల వొచ్చేసినాది సాయిబన్నా."

ఆయన తల మీద గోనె కప్పుకొని నాకన్నా ముందు రేవుకు నడిచాడు.

సమాధానం చంకలో పాలు తాగే బిడ్డ. కంఠసర్పి అంటుతుందని వాళ్ళిద్దరినీ పడవ ఎక్కించలేదు. నా భార్య గట్టు మీద నిలబడి, "అత్తా, నాకు నోట్లో మాట రాలేదు. నా వంతు కూడా నువ్వే చెప్పు ఆయనకు" అంది. మా అమ్మ కరుణను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకొని పడవ మధ్యలో తాటాకు గూటి కింద చేరింది. పడవ కదిలింది.

వాన ఎంత చిక్కగా ఉందంటే, ఒక జల్లచేప కాలువలోంచి వానలోకి ఎగబాకి, మా తెరచాప కొయ్య చివరి దాకా ఈది, అయ్యో దారి తప్పానే అనుకొని దిగిపోయింది. పట్టపగలు. పడవ ముక్కు దగ్గరున్న హెబ్రోను వెనకున్న సాహెబ్‌కు కనిపించడం లేదు. గట్లు కనిపించవు. కనిపించేది ఏమీ లేదు గనుక వినిపించేదే మిగిలింది. వాన, గెడల చప్పుడు, గూట్లోంచి ఈల.

మొగలో పడ్డామని నీళ్ళే చెప్పాయి. పడవ ఒక్కసారి పక్కకు ఒరిగి, ఎవరో కింద నుంచి పట్టుకొని ఊపినట్టు ఊగింది.

"ఎగువకు!" అని సాహెబ్ అరిచాడు. "ఎనిమిది! గట్టిగా అనండి!"

"తండ్రీ, గెడ నీది!" అని మేం మొదలుపెట్టాం.

ఈల సన్నబడింది. ఒకటి వచ్చాక రెండోది రావడానికి ఆలస్యమవుతోంది. ఆ మధ్యలో వచ్చే ఖాళీ ఉందే, దాన్ని నేను భరించలేకపోయాను. కాళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. అటు అంచు మీద హెబ్రోనుదీ అదే పని. గెడ నేలను తాకీ తాకకముందే లేపి మళ్ళీ ముక్కు దగ్గరికి పరుగు. గెడకిందనేలనీది నేలమీదనీళ్ళునీవి. ఒక మాట ముగియకముందే రెండో మాట దాని వీపు మీద ఎక్కుతోంది. ఒడ్డుచేర్చామేన్. ఒడ్డుచేర్చామేన్.

"ఎనిమిది!" అని హెబ్రోను కేక పెట్టాడు.

సాహెబ్ చుక్కాని తిప్పాడు. పడవ అడ్డం తిరిగింది.

రెండు ప్రార్థనలు బాగానే నడిచాం. మూడోదానిలో, "గెడ కింద నేల నీది" అంటూ గెడ దించాను. గెడ దిగింది. ఇంకా దిగింది. నా మణికట్టు దాకా నీళ్ళలో మునిగింది, కొసకు ఏమీ తగల్లేదు. గెడ కింద నేల లేదు.

"సాయిబన్నా, నేల లేదు!"

"లేకపోయేదేందిరా? ఈడ రొమ్ములోతు గదా ఉండాల్సింది?"

"నాకూ లేదన్నా!" అని అటు నుంచి హెబ్రోను.

అప్పుడు వినిపించింది. మా కుడిచేతి వైపు, వాన చప్పుడు కింద నుంచి, పెద్ద జంతువు నిద్రలో గుర్రుపెట్టినట్టు ఒక మోత. మూడు రోజులుగా నోరు మూసుకొని ఉన్న సముద్రం. అది దగ్గరగా ఉంది. ఉండకూడనంత దగ్గరగా.

సాహెబ్ గొంతు మారింది. "ఎనిమిదీ అన్నారా?"

"అన్నాం."

"ఎట్ట అన్నారు?"

గూట్లోంచి మా అమ్మ చెప్పింది. "పరిగెత్తినారు సాయిబూ. సగం నడకకే ఆమేన్ అనేసినారు. అన్నీ కలిపితే నాలుగు కూడా కావు."

"ఇంటా ఉండి చెప్పలేదేందమ్మా!"

"నేను బిడ్డ ఊపిరి ఇంటా ఉండా నాయనా. నా తప్పే."

సాహెబ్ చుక్కాని వదిలి ముక్కు దగ్గరికొచ్చి లంగరు ఎత్తి నీళ్ళలోకి విసిరాడు. తాడు చరచరా పోయి బిగుసుకుంది. బిగుసుకొని మళ్ళీ జారింది. లంగరు అడుగున ఇసుకను దున్నుకుంటూ వస్తోంది. పడవ వెనక్కి, సముద్రం వైపు, ఆగి ఆగి పోతోంది. మా పక్క నుంచి ఒక పూరిల్లు కప్పు కొట్టుకుపోయింది. దాని కొప్పు మీద ఒక పుంజు నిలబడి, తెల్లారిందనుకొని కూస్తోంది. కప్పు వానలో మాయమైపోయింది. కూత మాత్రం కొంతసేపు వినిపించింది. తర్వాత ఒక కూత సగంలో ఆగిపోయింది.

హెబ్రోను మోకాళ్ళ మీద పడి, ఉన్న గొంతంతా పెట్టి ప్రార్థన అందుకున్నాడు. అదే మాటలు, అదే పరుగు.

"ఒరే హెబ్రోనూ" అంది మా అమ్మ. "ఎవురికిరా చెప్తుండావు, దేవుడికా, నీ భయానికా?"

"దేవుడికే అత్తా!"

"అయితే అరవబాక. ఆయన ఈన్నే ఉండాడు. బిడ్డ ఉలిక్కిపడతాది."

లంగరు ఏదో ఇసుక తిన్నె మీద పట్టుకుంది. పడవ గట్టిగా కుదుపిచ్చి ఆగింది. సాహెబ్ తాడును కొయ్యకు చుట్టి, కొసను తన రెండు చేతులకూ చుట్టుకొని వెల్లకిలా ఆనుకున్నాడు. "పోటు తిరిగిందాకా కదిలేది లేదు. రెండు గంటలు. తాడు ఉంటే మనం ఉంటాం."

రెండు గంటలు. ఈలకూ ఈలకూ మధ్య నేను మూడు సార్లు గుటక మింగుతున్నాను.

నేను గూట్లోకి దూరి చేతులు చాపాను. "ఇటియ్యి అమ్మా. నడుముకు కట్టుకొని ఈదతా. నేను ఈదితే చేపలు దారిస్తాయి, నీకు తెలుసు."

"యాడికి ఈదతావు?"

"ఒడ్డుకు."

"ఒడ్డు యాడుండాది, చూపించు."

నేను బయటికి చూశాను. నాలుగు వైపులా ఒకే తెల్లదనం. వేలు ఏ వైపుకు చూపాలో తెలియలేదు. జీవితంలో నా నోటికి అబద్ధం కూడా దొరకనిది ఆ ఒక్కసారే.

"కూర్చో" అంది అమ్మ. "కాళ్ళు పట్టుకో బిడ్డవి, చల్లబడతా ఉండాయి."

కూర్చున్నాను. కరుణ కళ్ళు తెరిచే ఉంది. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. గొంతు కింద గుంట ఊపిరికొకసారి లోపలికి పీక్కుపోతోంది. అది నా వైపు చూస్తోంది. నాయన ఏదో ఒకటి చేస్తాడని చూస్తోంది.

అప్పుడు మా అమ్మ ఏం చెబుతోందో నాకు వినిపించింది. పడవ ఎక్కినప్పటి నుంచీ ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి, నేనే వినలేదు. ఈల ఒకటి రాగానే, "ఇచ్చినావయ్యా" అంటోంది. కాసేపు ఆగి, "ఇంకోటియ్యి" అంటోంది. ఈల వస్తుంది. "ఇచ్చినావయ్యా." ఆగుతుంది. "ఇంకోటియ్యి." అంతే. పొరుగింట్లో నిప్పు అడిగినట్టు, తెచ్చుకున్నట్టు.

"రెండు గంటలు అడగరాదా అమ్మా ఒకేసారి?"

"అడిగితే ఆ రెండు గంటలూ నేను భయపడతానే కూర్చోవాల. ఒక ఊపిరి ఆయన చేతిలో పెట్టి చూసుకోగలను. నువ్వూ చెప్పు."

నేను అప్పటిదాకా దేవుణ్ణి ఒడ్డు అడిగేవాణ్ణి. రోజుకు తొంభై సార్లు అడిగేవాణ్ణి. కానీ అడిగాక ఆయన ఇచ్చాడా లేదా అని ఒక్కసారి ఆగి చూసుకున్న గుర్తు లేదు. "ఇంకోటియ్యి" అన్నాను. ఖాళీ. వాన. వెనక సముద్రం. ఈల వచ్చింది. "ఇచ్చినావయ్యా" అన్నాను. నిజంగానే ఇచ్చాడు, నేను చూశాను.

హెబ్రోను వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఇంకోటియ్యి" అని వాడూ అన్నాడు, మెల్లగా.

ఒకసారి ఈల రాలేదు. మేం ముగ్గురం అడిగాం. రాలేదు. మళ్ళీ అడిగాం. కరుణ కళ్ళు పైకి పోయాయి. నేను బిడ్డను లాక్కోబోయాను. అమ్మ మోచేత్తో నన్ను తోసి, బిడ్డను ముందుకు వంచి, వీపు మీద అరచేత్తో బలంగా చరిచింది. "ఇయ్యాల్సిందే అయ్యా" అంది, చెంబుకోసం కోప్పడిన గొంతుతోనే. పొర ముక్కొకటి నెత్తురుతో కలిసి కరుణ నోట్లోంచి ఊడిపడింది. దాని వెనకే ఈల వచ్చింది. "ఇచ్చినావయ్యా" అన్నాం.

బయట నుంచి సాహెబ్ అరిచాడు. "ఉండాదా బిడ్డ?"

"ఉండాది అన్నా!"

"చెప్పండి, ఆపబాకండి! నేనూ నా మాటల్లో చెప్తానే ఉండా!"

ఆయన చేతుల నుంచి కారిన నెత్తురు వానకు పలచబడి పడవ అడుగున మా కాళ్ళ దాకా వచ్చింది.

ఎన్ని ఊపిర్లు అడిగామో తెలియదు. అడుగుతుండగానే, కొయ్యను కోసేస్తున్నట్టు కిర్రుమంటున్న తాడు ఆ చప్పుడు మానేసింది. వదులైంది. పడవ తనంతట తాను మెల్లగా చుట్టూ తిరిగి, ముక్కు సముద్రం వైపు పెట్టింది.

"పోటు!" అని సాహెబ్ ఏడుస్తూ అన్నాడు. "తిరిగింది! లంగరు ఎత్తండిరా!"

సముద్రం నీళ్ళే మమ్మల్ని ఎగువకు తోశాయి. గెడ కింద మళ్ళీ నేల తగిలినప్పుడు, ఆ మెత్తని బురద నా భుజం దాకా తెలిసింది. అవతలి కాలువ నోరు వానలో చీకటి సందులా కనిపించింది. అందులో దూరాం. వంతెన దాకా ఎవరం లెక్క పెట్టలేదు, గెడ వేసిన ప్రతిసారీ చివరి దాకా నడిచాం.

వంతెన మీద సరుగుడు కట్టెల లారీ ఒకటి ఉంది. డ్రైవరు పిల్లను చూసి ముందు సీట్లో చోటిచ్చాడు. హెబ్రోనును పడవ దగ్గర వదిలి సాహెబ్ కూడా మాతో ఎక్కాడు. ఆ లారీ నెల్లూరికి పోయిన వేగానికి వాన మమ్మల్ని అందుకోలేక కోట దగ్గరే ఆగిపోయింది. అమ్మ మాత్రం దారి పొడుగునా అదే మాట.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కరుణ గొంతు కింద చిన్న గాటు పెట్టి వెండి గొట్టం దించింది. ఈల ఆగిపోయి బుసబుస మొదలైంది. బతుకుతుందా అని నేను అడిగితే, "గొట్టంతో ఊపిరి పీలుస్తోంది. గొట్టం తీశాక తనంతట తాను పీల్చాలి. అది నా చేతిలో లేదు" అని చెప్పి పోయింది. అదే వార్డులో గొట్టం తీసిన మర్నాడు ఒక పిల్లాణ్ణి దుప్పటి కప్పి తీసుకుపోవడం చూశాను.

ఏడో రోజు ఉదయం డాక్టరమ్మ వచ్చింది. గొట్టం తీసింది. గాటు మీద మందుగుడ్డ అదిమి పట్టుకొని, "పాపా, నోటితో పీల్చు" అంది.

కరుణ డాక్టరమ్మను చూసింది, నన్ను చూసింది. ఛాతీ కదల్లేదు. గోడవారగా చోటే సాహెబ్ కట్లు కట్టిన చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను అమ్మ వైపు తిరిగాను. ఆమె పెదాలు ఒకే ఒక్కసారి కదిలాయి.

ఛాతీ లేచింది. గరగరమంటూ, తుప్పు పట్టిన తలుపు తెరుచుకున్నట్టు, నోటి గుండా ఒక ఊపిరి లోపలికి పోయింది. బయటికి వచ్చింది. ఇంకొకటి పోయింది. డాక్టరమ్మ చెయ్యి తీయకుండా చాలాసేపు అలాగే నిలబడింది. చివరికి, "ఏదన్నా మాట్లాడు పాపా" అంది.

కరుణ నోరు తెరిచింది. వారం రోజులుగా లేని గొంతు బొంగురుగా, ముసలి కప్ప గొంతులా వచ్చింది.

"ఆకలవతా ఉండాది."

నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. నా కన్నీళ్ళకు ఆ వార్డులో మంచాలు తేలాయి, నర్సమ్మలు చీరలు ఎగ్గట్టుకొని నడిచారు. మా అమ్మ ఏడవలేదు.

"ఇన్నావు గదా అయ్యా. గంజి" అని పైకి ఒక మాట వేసి, గిన్నె తీసుకొని, వంటపాక ఎటువైపో కనుక్కోవడానికి బయలుదేరింది.